దొంగతాళంతో తెరిచిన కంప్యూటరు

మా ముత్తాతగారు కొవ్వూరు రేవుకి పల్లకీలో వచ్చేవారు. మా తాతగారు మూడు గ్రామాలకు కరణం. ఆయన చేతిరాత పడందే సెంటు భూమి చేతులు మారేది కాదు. అటువంటి వంశంలో పుట్టిన నేను, ఇరవై మూడేళ్ళ వయసులో, అదే కొవ్వూరులో ఒక డీటీపీ సెంటర్లో శుభలేఖలు టైపు చేసేవాణ్ణి. (నా కుర్చీకి వీపు విరిగిపోయింది. అయినా నిటారుగానే కూర్చునేవాణ్ణి.) తాతగారి పద్ధతి మాత్రం వదల్లేదు. ప్రతి శుభలేఖనూ పొడుగు పుస్తకంలో చేత్తో రాసి, పెళ్ళివారి చేత సంతకం పెట్టించుకునేవాణ్ణి. పక్క సీట్లో ఆగకుండా జోరుగా టైపు చేసే కుర్రాణ్ణి అందరూ రైలుబండి అనేవారు. "కంప్యూటరుండగా ఈ రాతలేంటండీ కరణంగారూ?" అని రోజూ వేళాకోళం చేసేవాడు.

ఆ రోజుల్లోనే నా కంప్యూటరు తెర మూల 'యాక్టివేట్ చేయండి' అన్న మాట వచ్చి తిష్ఠ వేసింది. ఒక పెళ్ళికూతురి తండ్రి అది చూసి, "ఏంటండీ, పాపం మీ కంప్యూటరు ఏదో అడుగుతోంది, ఇచ్చెయ్యకూడదా?" అన్నారు. నాకు తల తీసేసినట్టయింది. "సీజను దాటాక లైసెన్సు కొందామండీ," అన్నారు ఓనరుగారు. అంతదాకా ఆగితే నేను కరణంగారి మనవణ్ణి ఎలా అవుతాను? ఎవరికీ చెప్పకుండా నెట్‌లో వెతికి, లైసెన్సు లేకుండానే యాక్టివేట్ చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి దింపాను. ముందు యాంటీవైరస్ ఆపెయ్యమని అది అడిగింది. ఆపేశాను. అంటే వీధి తలుపు తీసి, కుక్కను కట్టేసి, దీపం చూపిస్తూ మరీ దొంగను లోపలికి పిలిచానన్నమాట. తెర మూల మాట మాయమైంది. రెండు రోజులు పల్లకీలో తిరిగినట్టే తిరిగాను.

మూడోనాడు పొద్దున్న ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. డబ్బు పంపితే తెరుస్తామని తెరమీద ఇంగ్లీషులో ఉత్తరం. మర్నాడు ప్రెస్సుకి వెళ్ళాల్సిన ఇరవై ఆరు శుభలేఖలూ లోపలే ఉండిపోయాయి. కాపీలున్న పెన్‌డ్రైవ్ కూడా దానికే గుచ్చి ఉండడంతో అదీ పోయింది. ఓనరుగారు తల పట్టుకుని, "ఇరవై ఆరు పెళ్ళిళ్ళవాళ్ళు రేపు వచ్చి నా షాపు పీకేస్తారండీ," అన్నారు.

"డబ్బు పంపించేద్దామండీ," అన్నాడు రైలుబండి.

"పంపినా తెరుస్తాడని నమ్మకం ఏంటి? మా ఇంట్లో దొంగకి దణ్ణం పెట్టినవాళ్ళు లేరు," అన్నాను.

"దొంగెలా వచ్చాడంటారు మరి?" అన్నాడు వాడు.

"నేనే తెచ్చానండీ," అన్నాను. మా వంశంలో అటువంటి మాట అన్న మొదటివాణ్ణి బహుశా నేనే.

తర్వాత పొడుగు పుస్తకం బల్లమీద పెట్టాను. పేర్లు, ముహూర్తాలు, చివర్లో చేయించిన మార్పులు, ఏ బావగారి పేరు ముందుండాలో ఆ తగువుతో సహా అన్నీ సంతకాలతో ఉన్నాయి. కంప్యూటరు మొత్తం చెరిపేసి, అసలు లైసెన్సు వేయించి మొదలుపెట్టాం. నేను చదవడం, రైలుబండి కొట్టడం. మర్నాడు మధ్యాహ్నానికి ఇరవై ఆరూ ప్రెస్సుకి వెళ్ళాయి. ఒక్క అక్షరం తప్పు పోలేదు! ఓనరుగారు తన చేతుల కుర్చీ తెచ్చి నాకు వేశారు. రైలుబండి ఆ సాయంత్రమే తనకూ ఒక పొడుగు పుస్తకం కొనుక్కున్నాడు.

ఇప్పుడు నా సొంత షాపులో, ఏ మాటా లేని తెర ముందు కూర్చుని ఆ నిటారు కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. లైసెన్సు ఖర్చు మాత్రం నాదేనని ఓనరుగారికి ఆ రోజే చెప్పాను. ఆ వారం, అటక మీద మిగిలిన ముత్తాతగారి పల్లకీ ఇత్తడి తొడుగులు గోదావరి బ్రిడ్జి దాటించి, రాజమండ్రిలో తూకానికి అమ్మేశాను.