దొడ్డి ముందా, పుస్తకం ముందా

మనవరాలి విషయంలో నాకూ నా కోడలికీ గొడవ ముద్దు చేయడం గురించి కాదు. ఇద్దరమూ ముద్దు చేసేవాళ్లం కాము. పొద్దున లేవగానే పిల్ల ముందు ఏం పట్టుకోవాలన్నదే గొడవ. చీపురా, పుస్తకమా.

మాది కేతేపల్లి దగ్గర గొర్రెల మీద బతికిన కుటుంబం. మా ఇంట్లో పిల్లలు గొర్రెల దొడ్డి ఊడ్చాకే బడికి పోయేవాళ్లు. నేనూ అట్లాగే చదువుకున్నాను, కొడుకునూ అట్లాగే పెంచాను. వాడు జడ్చర్లలో మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ సెలవు దొరికినప్పుడు వస్తాడు. కోడలిది గుంటూరు వైపు. వాళ్లింట్లో చదివే పిల్ల తిన్న కంచం కూడా తియ్యదు. కోడలు మనవరాలిని నాలుగింటికే లేపి లెక్కలు చేయిస్తుంది. తొంభై తొమ్మిది వస్తే, ఆ ఒక్కటీ ఎక్కడ పోయిందని గొంతు పెంచకుండా అడుగుతుంది. తప్పు లెక్క నాకూ పడదు గానీ, ఆ మెత్తటి గొంతు వింటే నాకే భయం వేసేది.

ఒక్క విషయంలో నా మాట నెగ్గింది. ఆడపిల్ల పుట్టిన ఏడు ఒక ఆడ గొర్రెపిల్లను ఆమె పేరున విడవడం మా ఇంటి పద్ధతి. దాని సంతానమూ ఆ పిల్లదే, వాటి చాకిరీ కూడా ఆ పిల్లదే.

తెలంగాణ వచ్చిన మూడో ఏడు, మాఘమాసం. మనవరాలు పదో తరగతి. నల్లగొండలో పరీక్ష. అందులో పైన నిలిచినవాళ్లకే హైదరాబాదు కాలేజీలో ఫీజు లేని సీటు. ఫీజు కట్టి చదివించే స్థోమత మాకు లేదు. ఏడింటి బస్సు తప్పితే పరీక్షకు అందదు.

ఆరున్నరకు దొడ్డిలో గొర్రె అరుపు మారింది. వెళ్లి చూస్తే గొర్రెపిల్ల తల, ఒక కాలు బయటికి వచ్చాయి. రెండో కాలు లోపల మడతపడి ఉంది. ఇట్లాంటప్పుడు ఇంట్లో సన్న చెయ్యి ఉన్నవాళ్లు లోపల చెయ్యి పెట్టి కాలు సవరించాలి. నా వేళ్లు కీళ్లవాతంతో వంకరపోయాయి. పశువుల డాక్టరు పది దాటితే గాని రాడు. కిందటేడు నేను చెబుతుంటే మనవరాలే చేసింది.

పరీక్షకు వేసుకున్న బట్టల్లోనే, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ వచ్చింది. వెనకాలే కోడలు, పరీక్ష అట్ట పట్టుకుని.

"అవ్వా, నూనె ఇయ్యి."

"నువ్వు బస్సుకు పో బిడ్డా," అన్నాను. ఆ మాట నా నోట వస్తుందని కోడలు అనుకోలేదు.

"పోను. గిది నా గొర్రె. ఎవలది వాళ్లే జూసుకోవాలని నువ్వే జెప్పినవు గదా."

ఊరి చివర బస్సు హారన్ వినబడింది. కోడలు అట్టను పిల్ల చేతిలో పెట్టింది. గాజులు తీసి గోడ మీద పెట్టింది.

"నా చెయ్యీ నీ చెయ్యంతే ఉంది. నువ్వెళ్లు." నా వైపు తిరిగింది. "ఏం చెయ్యాలో చెప్పండి అత్తయ్యా."

కాపురానికి వచ్చిన నాటి నుంచి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోకుండా ఆ దొడ్డిలో అడుగు పెట్టని మనిషి.

మనవరాలు కదలలేదు. బతుకుతదా అని అడిగింది. "నువ్విట్లనే నిలబడితే గొర్రె పోతది, పరీక్ష పోతది," అన్నాను. అప్పుడు పరుగెత్తింది.

నేను చెబుతూ పోయాను, కోడలు చేస్తూ పోయింది. మోకాలు వెతకమన్నాను. లోపల గీరుకోకుండా గిట్టను అరచేత్తో కప్పమన్నాను. మధ్యలో మొహం పక్కకు తిప్పి వాంతి చేసుకుంది గానీ చెయ్యి మాత్రం తియ్యలేదు. గొర్రెపిల్ల బయటపడ్డాక ఊపిరి లేదు. ముక్కులో గడ్డిపోచ పెట్టి, వీపు రుద్దగా రుద్దగా తుమ్మింది.

సాయంత్రం మనవరాలు బస్సు దిగి నేరుగా దొడ్డి వైపు పరుగెత్తబోయింది. కోడలు గడప దగ్గరే ఆపింది. గొర్రెపిల్ల బతికిందని ఒక్క మాట చెప్పి, ప్రశ్నపత్రం అడిగింది. కూర్చోబెట్టి, పిల్ల అందులో గుర్తు పెట్టుకొచ్చిన జవాబులు ఒక్కొక్కటే చూసింది. ఒక దగ్గర వేలు పెట్టి, ఈ మార్కు ఎక్కడ పోయిందని ఎప్పటి గొంతుతోనే అడిగింది.

ఇంకో రోజైతే గొడవకు దిగేదాన్ని. గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని ఆ లెక్క నేనూ చూశాను. నిజంగానే తప్పు.

"మళ్ల చెయ్యి," అన్నాను.

ఒక కన్ను నా ఒళ్లో ఉన్నదాని మీదే ఉంచి చేసింది. ఈసారి సరిగ్గా వచ్చింది. సీటు వచ్చిన సంగతి మాకు నెల తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం మాకు తెలిసింది ఆ తప్పు ఒక్కటే.

కోడలు ఇంకా గాజులు వేసుకోలేదు. ప్రశ్నపత్రం మడిచి పక్కన పెట్టి, మూలనున్న చీపురు కూతురికి అందించింది.

"దొడ్డంతా పాడు చేశాం పొద్దున. ఊడ్చిరా."