అందినాదా?

ఫోన్లో వైఫై గుర్తు కనపడితే చాలు, నాకు ఇప్పటికీ ఆ అన్న కేకే వినిపిస్తుంది. మార్కాపురంలో నేను వార్డెనుగా ఉన్న ఆడపిల్లల హాస్టలుకు వైఫై పెట్టేదానికి వచ్చినాడు. పుల్లలచెరువు దిక్కు గొర్రెల కాపర్ల ఇంటి మనిషి.

కాలేజీ ఆఫీసు నుంచి హాస్టలు దాకా మధ్యలో వైరు లేకుండా ఒక బాక్సు ఇంకో బాక్సుకు సిగ్నల్ అందిస్తుంది. “కొండ మీద ఒక కాపరి కేకేస్తే అవతలోడు అందుకొని ముందుకేస్తాడే, అట్లక్కా” అన్నాడు. బాక్సులన్నీ ఆయన ఫోన్లోనే కనపడతాయి. పక్కన పచ్చ చుక్క వెలిగితే పని అయినట్టే. అయినా నమ్మడే! నోటికి రెండు పక్కలా చేతులు పెట్టి, మందను మళ్లించే గొంతుతో “అందినాదా... ఓయ్!” అంటాడు. అవతల మనిషి పలికితేనే నిచ్చెన తీస్తాడు.

ఆ రోజు సాయంత్రంలోగా పిల్లలు పీజీ సీట్లకు ఆప్షన్లు పెట్టుకోవాల, లేకుంటే సీటు పోయినట్టే. చివరి బాక్సు హాస్టలు వరండాలో బిగించి, మేమిద్దరం గేటు కాడికి వచ్చినాం. పచ్చ చుక్క వెలిగింది! నేను చిన్నపిల్ల మాదిరి గంతేసినా. ఆయన లోపలున్న పిల్లలకు వినపడేటట్టు కేకేసినాడు. పలుకు లేదు. మళ్లీ కేకేసినాడు. ఊహూ! మొహం వాడిపోయి, వరండాలో నిచ్చెన మళ్లీ ఎక్కేదానికి కదిలినాడు.

నేను లోపలికి ఉరికి చూస్తే, హాలు నిండా వంచిన తలలే. వేళ్లు ఫోన్ల మీద పరుగులు తీస్తున్నాయి. నేను వచ్చినా ఒక్కతీ తలెత్తలేదు.

గుమ్మంలోకొచ్చి నేనూ ఆయన మాదిరే చేతులు పెట్టి అరిచినా:

“అందినాదన్నా! అందుకే ఒక్కరూ పలకట్లా!”