లొటలొట

కోడుమూరులో తెలుగు పంతులుగా రిటైరయ్యాక నాకొక పిచ్చి పట్టుకుంది. చప్పుళ్లలోంచి పుట్టిన మాటలన్నీ ఏరి, ఏది ఎందుకు పుట్టిందో నోటుబుక్కులో రాయడం. కడవ ముంచితే బుడబుడ, బావిలో రాయి పడితే బుడుంగు. చప్పుడు కాస్త మారితే అర్థమే మారిపోతుంది. నిఘంటువుల్లో లేనివి మా ఆవిడ దగ్గర దొరికేవి. ఆమెది వేంపల్లె. రోట్లో పచ్చడి నూరుతూ అడక్కుండానే నాలుగు చెప్పేది.

పోయిన వేసవిలో ఒక పొద్దున శెనక్కాయలు ఒలుస్తూ చెయ్యి ఆపి, "గుండె లొటలొట అంటాంది" అంది.

నేనేం చేశాను? కలం తీశాను! పైగా దిద్దాను కూడా.

"లొటలొట అంటే వదులైన వస్తువు చేసే చప్పుడు. బండి చక్రానికి అంటారు. గుండెకు దడదడ అనాల."

"దడదడ భయానికి గదా. నాకేం భయం ల్యా. లోపల ఏందో వదులైనట్టుండాది."

"అట్లా ఎవురూ అనరు."

"నేనంటాండా గదా! నీ బుక్కుకు చెప్తాండానా సామీ, నీకు చెప్తాండా."

నవ్వాను. ఏళ్ల తరబడి పిల్లల తప్పులు దిద్దిన పొగరు, ఎక్కడికి పోతుంది! 'గుండెకు వాడరు, తప్పు ప్రయోగం' అని రాసి బుక్కు మూసేశాను. ఆ తర్వాత వారంలో ఆమె ఇంకోసారి అదే మాట అంది. మళ్లీ దడదడ అని దిద్దాను. ఇక అనలేదు.

రెండు నెలలకు మిద్దె మెట్లెక్కుతూ ఊపిరాడక కూలబడింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పక్కింటి సాయిబు తన కారులో ఇద్దరినీ కర్నూలు తీసుకుపోయాడు. ఆసుపత్రిలో డాక్టరు పరీక్షలన్నీ చూసి, గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదన్నాడు.

"వదులైపోయిందండీ. ఆపరేషన్ చేయాలి. ఇన్నాళ్లూ ఈమె మీకేమీ చెప్పలేదా?"

మంచం మీద ఆయాసపడుతూనే ఆమె నా ముఖం చూసింది.

"నేనే చెప్పల్యా సార్" అంది.

తిట్టినా బాగుండేది. ఆ గదిలో సిగ్గుతో చచ్చిపోయాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇప్పుడు ఇంట్లో మెల్లగా నడుస్తోంది, కూర్చుని కూర తరుగుతోంది. కట్టు మార్చడానికి వచ్చే నర్సమ్మతో మాత్రం గలగలా మాట్లాడుతుంది. కుట్ల దగ్గర చుర్రుమంటాందని, మెట్టు దిగితే మోకాలు కలుక్కుమంటాందని పూసగుచ్చినట్టు చెప్తుంది. తలుపు ఇవతల నిలబడి వింటుంటాను.

నర్సమ్మ వెళ్లాక పక్కన కూర్చుని, "ఎట్లుండాది?" అని అడుగుతాను. రోజూ అడుగుతాను.

"బాగుండాది" అంటుంది. అంతకు మించి నాకేమీ చెప్పదు.