సింహాచలం చదివిన చీటీ

పద్దెనిమిదేళ్లుగా ఒక చిన్న కాగితం బరువు మోస్తున్నాను. ఆ కాగితం ఇప్పుడు లేదు. చించేసింది నేనే. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

జంషెడ్‌పూర్‌లో కన్వేయర్ బెల్టులు తయారుచేసే రబ్బరు ఫ్యాక్టరీలో నేను ల్యాబ్ కెమిస్టుని. రబ్బరులో కార్బన్ బ్లాక్ ఏ రకం, ఎంత కలపాలో చీటీ రాసి మిక్సింగ్‌కి పంపడం నా పని. అది మసిలాంటి నల్లటి పొడి. రబ్బరు అరగకుండా నిలిచేది దానివల్లే. రకాలెన్ని ఉన్నా చూపుకి అన్నీ ఒకటే నలుపు. సంచి మీద నంబరు చదివితేనే తేడా తెలుస్తుంది.

నా చీటీ చదివి ఆ పొడి కలిపే మిక్సరు మీద సింహాచలం ఉండేవాడు. ఊళ్లోనే పర్సుడీహ్ పేట మనిషి. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ల నాన్న రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాకంటే పదేళ్లు పెద్ద. ఎంత తోముకున్నా చెవి మడతల్లో నలుపు పోయేది కాదు.

ఒకరోజు ఇనుప ఖనిజం మోసే బెల్టు పైపొరకి గట్టిరకం రాయాల్సిన చోట మెత్తరకం నంబరు రాశాను. ఎందుకలా రాశాను? జ్వరం లేదు, తొందర లేదు. భాలుబాసాలో అద్దెకి చూసిన ఇంటి గురించి ఆలోచిస్తున్నాననుకుంటాను. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా దొరికితే బాగుండునని ఇప్పటికీ వెతుక్కుంటూ ఉంటాను.

కొన్ని నెలలకే బెల్టు అరిగిపోయి వెనక్కి వచ్చింది. విచారణ అన్నారు. ముందుగా వెళ్లి పాత చీటీల ఫైలు తీశాను. తప్పు నా చేతిరాతలోనే ఉంది. ఆ చీటీ చించేసి, సరైన నంబరుతో ఇంకొకటి రాసి అదే చోట పెట్టాను. అది తలచుకుంటే భయం వేయాలి. వేయడం లేదు.

మేనేజరు గదిలో సింహాచలం ఆ చీటీని దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశాడు. ఎవరో మార్చారని అనలేదు. నావైపు తిరిగాడు.

"సారూ, నానప్పుడు ఏరే నంబరు సదివినట్టు గుర్తు. మీరు రాసింది ఇదేనా?"

"ఇదే," అన్నాను.

"అయితే నా కళ్లే తప్పు సదివుంటాయి."

అతన్ని పనిలోంచి తీసేశారు. తర్వాత కళ్లు చూపించుకున్నాడని విన్నాను. చూపులో ఏ లోపమూ లేదని డాక్టరు చెప్పాడట. సింహాచలం నమ్మలేదు. డాక్టరు కంటే నన్నే నమ్మాడు. అప్పటినుంచి కరెంటు బిల్లయినా, రైలు టిక్కెట్టయినా ఇంకొకరి చేత చదివించుకుంటాడట.

పోయిన ఏడాది పర్సుడీహ్ మార్కెట్‌లో కనపడ్డాడు. నమస్కారం పెట్టి, జేబులోంచి మాత్రల అట్ట తీసి ఇచ్చాడు.

"ఇది ఏటి మందో కాస్త సదివి సెప్పండి, సారూ. మీరయితే తప్పు సదవరు."

చదివి చెప్పాను. అప్పుడైనా నోరు విప్పవచ్చు కదా? ఇద్దరమే ఉన్నాం. అట్ట తిరిగి ఇచ్చేసి, కూరగాయలు కొనుక్కుని ఇంటికి వచ్చాను.

క్షమించమని అడగడానికి ఇది రాయడం లేదు. క్షమించాల్సిన మనిషికి ఇంకా విషయమే తెలియదు. ఒక్కసారి ఎక్కడో ఒకచోట నా చేత్తో సరిగ్గా రాయాలనిపించింది. సింహాచలం సరిగ్గానే చదివాడు. తప్పు రాసింది నేను.

రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. అంతే.