మా అంగడి తరగతి

మొన్న ఇక్కడే బాన్సువాడలో మా చిన్నమ్మాయి చదివే బడికి, తల్లిదండ్రుల సమావేశానికి వెళ్తే, తన తరగతిలో చిన్న గుసగుస కూడా వినిపించదని పంతులమ్మ గర్వంగా చెబుతుంటే చుట్టూ ఉన్నవాళ్లంతా తల ఊపారు, నేను ఊపలేదు.

ఇంటర్ మధ్యలో ఆపేసి, లెక్కలు ఎవరి దగ్గరా కాకుండా సొంతంగా నేర్చుకున్న నేను, పెళ్లికి ముందు మద్నూర్ దారిలోని ఒక పల్లెబడిలో విద్యావాలంటీరుగా మూడో తరగతికి తెలుగు చెప్పాను. నలభై మంది పిల్లలు, నలభై నిమిషాల పీరియడ్. ఒకరి తర్వాత ఒకరిని లేపి చదివిస్తే ఒక్కొక్కరి నోటికి దక్కేది ఒక్క నిమిషమేనని, నలుగురేసి గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుంటే పది నిమిషాలు దక్కుతాయని తేలాక, ఇక వరుసలు నాకు రుచించలేదు. ప్రతి గుంపునూ అంగట్లో ఒక దుకాణం చేశాను. గులకరాళ్లే వంకాయలు, చింతగింజలే పైసలు, బేరమంతా తెలుగులోనే. ఆ తర్వాత ఆడిన మాటల్నే నలుగురూ కలిసి పలకల మీద రాసుకునేవారు.

పెద్దసారుకు ఆ గోల నచ్చలేదు. "ఏందయ్యా, గిది బడా, అంగడా?" అని గుమ్మంలో నిలబడి అడిగితే, "రెండూ సార్" అన్నాను.

ఆ కోపం నా తరగతిలోనే ఉన్న, మహారాష్ట్ర నుంచి చెరుకు నరకడానికి వచ్చినవాళ్ల బిడ్డ మీదికి మళ్లింది. ఇంట్లో మరాఠీ మాట్లాడే ఆ పిల్లకు తెలుగు రాదు కాబట్టి ఒకటో తరగతికి దించాల్సిందేనని ఆయన పట్టు. దించితే బడి మాన్పించి, తమ్ముణ్ణి ఎత్తుకునే పనికి పెడతానని తల్లి ముందే చెప్పేసింది. పరీక్షిస్తానని ఆయన లేపి నిలబెడితే ఆ పిల్ల తల ఎత్తలేదు. నేను అడ్డుపడి, నిలబెట్టి కాదు సార్, దాని దుకాణం ముందు కూర్చుని అడగండన్నాను. ఆయన విసుక్కుంటూనే గొంతుక్కూర్చుని ఒక గులకరాయి చేతిలోకి తీసుకున్నాడో లేదో, "సారూ, ముట్టిన్రు గదా, ఇగ కొనాలె! పైసల్లేకుంటె అంగడికెందుకొచ్చిన్రు?" అంది. తరగతంతా ఘొల్లున నవ్వింది. ఆయనకూ నవ్వు ఆగలేదు.

ఆ పిల్ల మూడో తరగతిలోనే ఉండిపోయింది. మరుసటి ఏడు నన్ను మాత్రం తీసుకోలేదు. గోల తగ్గించుకుంటానని ఒక్క మాట అంటే ఉద్యోగం నిలిచేదట. అనలేదు, ఇవాళైనా అనను.

ఇప్పటి తరగతుల్లో మంచి బల్లలున్నాయి, వరుస చెదరకుండా నేలకు బిగించి మరీ వేశారు. మాకు అప్పట్లో కింద పరిచిన పట్టాలే. ఇప్పటి పిల్లలకు రోజంతా ముందు కూర్చున్నవాళ్ల వీపులు కనిపిస్తాయి. మా పిల్లలకు ఒకరి మొహం ఒకరికి కనిపించేది.