ఒక్క భాగహారం మిగిలిన సంఖ్య

"పాత నంబరేనమ్మా, మార్చరంట," అన్నారు బాబాయిగారు పొద్దున్న ఫోన్లో. పిన్నిని రాజమండ్రిలో అదే ఆస్పత్రిలో మళ్ళీ చేర్చారు. గుండెకి రెండో ఆపరేషన్. ఎలా ఉందని నేనడిగితే ఆయన చెప్పిన జవాబు అదీ. ఆస్పత్రి రికార్డుల్లో పిన్నికిచ్చిన నంబరది, 1022117. వినగానే సంచి సర్దుకుని బయల్దేరాను.

బాబాయిగారు పాలకొల్లులో లెక్కల లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. నంబర్ల పిచ్చి ఉన్నవాళ్ళని ఏడిపించడం ఆయనకి మహా సరదా. మావైపు కారు కొన్నారంటే, అంకెలన్నీ కూడితే తొమ్మిదొచ్చే నంబరు కోసం ఎంతమంది కాళ్ళయినా పట్టుకుంటారు. తణుకులో బియ్యం వ్యాపారం చేసే మా పెదనాన్నగారు అలాంటిదే సంపాదించి కాజాలు పంచితే, ఈయన ఒకటి నోట్లో వేసుకుని, "కూడితే తొమ్మిదొస్తే ఆ సంఖ్యని తొమ్మిది భాగిస్తుందండి. అంతకుమించి దానికి ఏ మహత్తూ లేదు," అన్నారు. పెదనాన్నగారు చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు. "మీ బాబాయిగారు దేవుణ్ణి నమ్మరే, ఎక్కాల్ని నమ్ముతారు," అని నవ్వేది పిన్ని.

అలాంటి మనిషి, కొన్నేళ్ళ కిందట మొదటి ఆపరేషన్ రోజు మధ్యాహ్నం థియేటరు బయట కూర్చుని, మందుల కవరు వెనక పెన్సిలుతో పిన్ని నంబరుని భాగిస్తున్నారు. "ప్రధాన సంఖ్యలాగుందమ్మా, దేనికీ లొంగట్లేదు," అన్నారు. దేనికీ లొంగకపోతే పిన్ని బతుకుతుందని అనుకుంటున్నట్టు ఆయన మొహంలోనే తెలుస్తోంది. రెండు, మూడు, అయిదు, ఏడు, పదకొండు... ప్రధాన సంఖ్యలన్నిటితోనూ వరసగా భాగించుకుంటూ వెళ్ళారు. శేషం మిగిలినప్పుడల్లా కాస్త ఊపిరి పీల్చుకునేవారు. నేను తెచ్చిన ఇడ్లీ పక్కనే చల్లారిపోయింది. 997తో భాగిస్తే నూట తొంభై రెండు మిగిలింది. ఇంక 1009 ఒక్కటే. వర్గమూలం దానికి కొంచెం పైనే ఉంది కాబట్టి, అదీ భాగించకపోతే ఇక ఏదీ భాగించదు. సరిగ్గా అప్పుడే డాక్టరుగారు బయటికొచ్చి, ఫరవాలేదన్నారు. బాబాయిగారు కవరు మడిచి జేబులో పెట్టుకుని గట్టిగా ఏడ్చేశారు.

ఆ మిగిలిన భాగహారం ఊసు తర్వాత ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు. ఇవాళ రాజమండ్రి బస్సులో ఉండబట్టలేక ఫోన్లో కొట్టి చూశాను. 1009ని 1013తో హెచ్చిస్తే అచ్చంగా ఆ సంఖ్యే. శేషం లేదు. ఇంత చదువుకుని కూడా నాకు ఏడుపొచ్చింది.

నేను వెళ్ళేసరికి పిన్నిని లోపలికి తీసుకెళ్ళిపోయారు. బాబాయిగారు అవే కుర్చీల్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "ఆ నంబరు జోలికి వెళ్ళకండి బాబాయిగారూ," అన్నాను.

"అప్పుడు మీ పిన్ని ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే ఆ మిగిలిన భాగహారం చేసేశానమ్మా. 1009తో తెగింది. తెగినా ఇన్నేళ్ళూ నాకు కాఫీ కలిపిచ్చింది."

"మరింకేం? నంబరులో ఏమీ లేదన్నమాటేగా."

"ఏమీ లేదు. కానీ ఆ రోజు చెయ్యడానికి నాకో లెక్కుండేది," అన్నారు థియేటరు తలుపు వైపు చూస్తూ. "ఇవాళ ఏం చెయ్యమంటావు?"

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. పెన్సిలు పట్టుకున్న ఆ మధ్యాహ్నం ఎలాగో గడిచిపోయింది. ఈ మధ్యాహ్నం మాత్రం, దేంతో భాగించినా తరగకుండా, మా ఇద్దరి ముందూ అలాగే ఉండిపోయింది.