సెమ్మెలకు తలంటు

మొన్న చారుకు చింతపండు పిసుకుతుంటే, ఆ వాసనకు ఆదోనిలో మా అవ్వ గుర్తొచ్చింది.

నాకప్పుడు ఏడేళ్లు. మా వీధి గుడిలో ఇత్తడి దీపపు సెమ్మెలు నల్లబడిపోయాయి. అంగట్లో కొన్న పొడితో రుద్దినా నలుపు వదలకపోయేసరికి, పాతసామాన్లవాడికి వేసేద్దామన్నాడు ధర్మకర్త.

"ఒక్కపూట ఆగప్పా, నేను సూస్తా," అంది అవ్వ.

ఆమె చింతపండు నానబెడుతుంటే, "దేవునికి పులుసు సేస్తాండావా అవ్వా?" అని అడిగాను.

"కాదమ్మీ, సెమ్మెలకు తలంటు పోస్తాండా," అని నవ్వింది.

చింతపండులో బూడిద కలిపి మధ్యాహ్నం దాకా తోమింది. నేను చెంబుతో నీళ్లు పోశాను.

సాయంత్రం గుడిలో ధర్మకర్త ఆ మెరుపు చూసి, "కొత్తవి ఎప్పుడు తెచ్చినారమ్మా?" అన్నాడు.

"పాతవేనప్పా. నేనూ నా మనవరాలూ తోమినాం," అంది అవ్వ, అందరికీ వినబడేలా.

ఇంటికొస్తూ వీధంతా నాదే అన్నట్టు నడిచాను. పనంతా తాను చేసి, గెలుపులో నాకు సగం ఇచ్చిందని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.